పేరు మరుగునపడిన ప్రాణదాత – డా. యల్లాప్రగడ సుబ్బారావు

ఆసుపత్రి లేబొరేటరీలో పనిచేసే రోజుల్లో రక్తంలో భాస్వరం ఎంత ఉందో చూడడానికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి వాడేవాళ్ళం. గాజుగొట్టంలో నీలిరంగు తేలేది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువన్నమాట. ఆ సుబ్బారావు గారు మన భీమవరంలో పుట్టినవారని చాలా ఏళ్ళ దాకా నాకు తెలియదు. తెలిశాక సిగ్గుపడి, ఆయన చరిత్ర వెతికి చదివాను. అందులో కొంత మిత్రులతో పంచుకుంటున్నాను.

ఆయన 1895 జనవరి 12న జన్మించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. తిన్నది ఒంటపట్టనివ్వని స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆ దుఃఖం ఆయనను వదలలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడుక్కున్నందుకు తెల్ల ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికొచ్చింది.

1922లో భార్య శేషగిరి గారిని ఇక్కడే ఉంచి అమెరికా వెళ్ళారు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలిపని. 1925లో ఫిస్కేతో కలిసి పైన చెప్పిన భాస్వరం పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతితోనే 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. 1929లో జీవకణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని గుర్తించారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దానిని విడిగా కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు.

1940లో లెడర్లే కంపెనీ పరిశోధనశాలలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు మందయింది. సోదరులను కాపాడుకోలేకపోయిన మనిషి ఇతరుల సోదరులను కాపాడారు. 1947లో బోదకాలు జబ్బుకు హెట్రజాన్ వచ్చింది. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందుతో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం కలిగించారు. ఆ కోవదే మెథోట్రెక్సేట్.

1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్క్ రాష్ట్రంలో ఆయన నిద్రలోనే కన్నుమూశారు. మళ్ళీ స్వదేశం చూడలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మా ఇంటావిడ కీళ్ళవాతానికి వారానికొకసారి మెథోట్రెక్సేట్, వేరే రోజున ఫోలిక్ ఆమ్లం వేసుకుంటుంది. రెండూ ఆ పరిశోధనశాల చలవేనని చెప్పాను. అంతా విని, ఆ ఇల్లాలు ఇన్నేళ్ళూ ఎదురుచూస్తూనే ఉందా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. సుబ్బారావు గారిని తలచుకున్నప్పుడల్లా శేషగిరి గారికి కూడా ఒక నమస్కారం పెట్టడం మన ధర్మమని నాకు తోస్తుంది.