గిడుగు వేంకట రామమూర్తి పంతులు

రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళము చెంత పర్వతాలపేటలో జన్మించిరి. విజయనగరమున చదువుకొను దినములలో గురజాడ అప్పారావుగారు వారికి సహాధ్యాయులు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. పరిసరములలోని సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పించిరి. మన్నెమున తిరుగునపుడు సోకిన జ్వరములకు వాడిన క్వినైను వలన చెవుడు వచ్చెను. తెలుగు విషయమున వారు పిమ్మట పట్టిన పట్టునకు మూలము ఆ సవర బడులలోనే యున్నది.

1907 ప్రాంతమున పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన యేట్సు దొరగారు, ప్రజలు మాటలాడు తెలుగు ఒకటి, పుస్తకములలోని తెలుగు మరొకటి యగుటేమని అడిగిరి. ఆ ప్రశ్న పంతులుగారి మనస్సున నాటుకొనెను. వ్యాసము వ్రాయుమనగా బాలుడు చెప్పదలచిన సంగతి మరచి, అరసున్న ఎచ్చట పెట్టవలెను, సంధి ఎచ్చట చేయవలెనని వెదకికొనుచుండును. శిష్టులు నిత్యము పలుకు తెలుగులోనే వ్రాయించినచో వ్రాత యలవడును, ఆలోచనయు నిలుచును. ఇది వారి సిద్ధాంతము. (ఆయన చరిత్రను ఇట్లు గ్రాంథికమున చెప్పుట ఆయన మెచ్చు పని కాదు.)

మదరాసు విశ్వవిద్యాలయమువారు ఇంటర్మీడియెటు పరీక్షలో తెలుగు వ్యాసరచన పెట్టుటతో ఈ చర్చ విద్యార్థుల జయాపజయముల సమస్య యయ్యెను. జయంతి రామయ్య పంతులుగారు మొదలగువారు ఎదురు నిలిచిరి. 1911లో ఆంధ్రసాహిత్య పరిషత్తు వెలసెను. వారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. మాట జిల్లాకొక తీరుగ నుండును. వ్యాకరణబద్ధమైన భాష అందరికిని ఒక్కటే. దానిని విడిచినచో పూర్వకవుల గ్రంథములు రేపటి బాలురకు పరాయివగునని వారి భయము.

పంతులుగారు ఆధారములతో బదులు చెప్పిరి. శాసనములు, పాత వ్యాఖ్యానములు తిరుగవేసి, పూర్వులు వచనమున వాడుకమాటలు వ్రాసిన తావులను గద్యచింతామణిలో చూపిరి. గ్రాంథికవాదుల రచనలలోనే చిన్నయసూరి బాలవ్యాకరణమునకు సరిపడని ప్రయోగములను ఎత్తిచూపిరి. ఏండ్ల తరబడి చదివిన పండితులకే తప్పని తప్పులు పసివానికి తప్పునా?

1913లో ఆంగ్లమున విజ్ఞాపన గ్రంథము ప్రకటించిరి. అయినను విశ్వవిద్యాలయమువారి సంఘమున గ్రాంథికవాదులదే పైచేయి. గురజాడవారు 1914లో అసమ్మతి పత్రము సమర్పించియు ఫలము కానక, మరుసటి యేడు గతించిరి. 1919లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడెను. వారును ఆ యేటనే దివంగతులైరి. రామమూర్తి పంతులుగారు వెనుదీయలేదు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలు ప్రసంగించిరి.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరిలో పత్రికా సంపాదకులకు చేసిన తుది విన్నపమునందును పాఠ్యపుస్తకముల మాటయే. ఆ నెల 22వ తేదీన కన్నుమూసిరి. అప్పటికింకను బడి పుస్తకములు గ్రాంథికముననే యుండెను.