ఫెర్డినాండ్ పోర్షే

ఫెర్డినాండ్ పోర్షే (సెప్టెంబరు 3, 1875 - జనవరి 30, 1951) సుప్రసిద్ధ మోటారు వాహన ఇంజనీరు. ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు రూపకర్తగా, పోర్షే సంస్థ వ్యవస్థాపకునిగా ఈయన పేరు లోకానికి సుపరిచితము. అయితే ఈయనకు మొట్టమొదట కీర్తి తెచ్చిపెట్టినది విద్యుత్తుతో నడిచే కారు. చక్రాలలోనే మోటార్లను అమర్చి, గొలుసులు, గేర్లు లేకుండా వాహనాన్ని నడిపించిన తొలితరం ఇంజనీర్లలో ఈయన ముఖ్యుడు.

బాల్యం, విద్యాభ్యాసం

పోర్షే నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని ఉత్తర బొహీమియా ప్రాంతంలో, మాఫెర్స్‌డార్ఫ్ గ్రామంలో జన్మించాడు. ఆ గ్రామం నేడు చెక్ గణతంత్రంలోని లిబెరెట్స్ నగరంలో భాగం. తండ్రి ఆంటన్ రేకుపని వృత్తిగా గలవాడు. పోర్షే పగలు తండ్రి దుకాణంలో పనిచేస్తూ, సాయంకాలాలలో సమీప పట్టణమైన రైకెన్‌బర్గ్‌లోని సాంకేతిక పాఠశాలలో చదువుకున్నాడు. విద్యుత్తుపై ఆసక్తి ఈ వయసులోనే ఏర్పడింది.

1893లో వియన్నా చేరి, బేలా ఎగ్గర్ అనే విద్యుత్ పరికరాల సంస్థలో ఉద్యోగంలో ప్రవేశించాడు. అక్కడి సాంకేతిక విద్యాలయంలో విద్యార్థిగా నమోదు కాకుండానే, వీలు చిక్కినప్పుడల్లా తరగతులకు వెళ్ళి పాఠాలు వినేవాడు. ఈయన ఇంజనీరింగు పట్టా పొందలేదు. ఆ విద్యాలయమే 1917లో ఈయనకు గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది.

చక్రంలో మోటారు

ఆ కాలంలో వియన్నాలోని లోనర్ సంస్థ రాజకుటుంబానికి గుర్రపు బగ్గీలు తయారుచేసేది. దాని అధిపతి లుడ్విగ్ లోనర్ విద్యుత్ బండ్ల నిర్మాణానికి పూనుకొని, పోర్షేను తన సంస్థలో చేర్చుకున్నాడు. వీరు రూపొందించిన లోనర్-పోర్షే కారు 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో సందర్శకులను విశేషంగా ఆకర్షించింది. ముందు చక్రాలు రెండింటిలోనూ ఒక్కొక్క మోటారు ఉండేది. ఒక్కొక్కదాని శక్తి నిమిషానికి 120 భ్రమణాల వద్ద సుమారు 2.5 అశ్వశక్తి. కారు మామూలు వేగం గంటకు 37 కిలోమీటర్లు. 44 సీసపు ఘటాల బ్యాటరీ బరువు 410 కిలోలు. ఒకసారి చార్జి చేస్తే సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణించేది.

ఈ అమరికకు బలమైన కారణం ఉంది. నాటి వాహనాలలో శక్తి గొలుసులు, గేర్లు, ఇరుసుల గుండా చక్రాన్ని చేరేది. ప్రతి మెట్టులోనూ ఘర్షణ వలన కొంత శక్తి వేడిగా మారి వ్యర్థమయ్యేది. పెట్రోలు కారులో ఆ నష్టాన్ని మరికొంత పెట్రోలు పోసి పూడ్చవచ్చు. బ్యాటరీలో నిలువ ఉండే శక్తి స్వల్పం గనుక, విద్యుత్ కారులో నష్టమైన ప్రతి పాలు ప్రయాణ దూరాన్ని తగ్గిస్తుంది. బ్యాటరీని పెంచితే బండి బరువెక్కి, చక్రాల దొర్లుడు ఘర్షణ కూడా పెరుగుతుంది. ఇంగ్లండులోని లూటన్‌కు చెందిన హార్ట్ అనే వ్యక్తి కోసం పోర్షే నాలుగు చక్రాలలోనూ మోటార్లు గల పందెపు కారును నిర్మించగా, దాని బ్యాటరీ బరువు సుమారు 1,800 కిలోలకు చేరింది.

పోర్షే పద్ధతిలో లోపాలు కూడా లేకపోలేదు. గేర్లు లేనందున మోటారు చక్రంతో సమానంగా నెమ్మదిగానే తిరగాలి. నెమ్మదిగా తిరుగుతూ తగినంత శక్తి ఇవ్వాలంటే అది పెద్దదిగా, బరువైనదిగా ఉండక తప్పదు. ఆ బరువు స్ప్రింగులకు దిగువన ఉండటం వలన గతుకుల దారిలో చక్రం నేలను వదలి ఎగిరేది, కుదుపులు ఎక్కువయ్యేవి. పైగా తిరిగే భాగపు బరువు రెండు విధాల భారం. వాహనంతోపాటు ముందుకు సాగడానికి, తన చుట్టూ తాను తిరగడానికి కూడా దానికి శక్తి కావాలి. బరువంతా అంచుననే ఉన్న చక్రానికి దొర్లేటప్పుడు ఉండే గతిశక్తి, అంతే బరువుగల వస్తువు దొర్లకుండా అదే వేగంతో సాగేటప్పటి గతిశక్తికి రెట్టింపు.

బ్యాటరీ సమస్యకు పరిష్కారంగా పోర్షే పెట్రోలు ఇంజనుతో జనరేటరును తిప్పి, ఆ విద్యుత్తును చక్రాల మోటార్లకు అందించే కారును తయారుచేశాడు. సెంపర్ వివస్ అనే ఈ వాహనం, దాని తరువాత వచ్చిన లోనర్-పోర్షే మిక్స్‌టె, నేటి హైబ్రిడ్ కార్లకు పూర్వీకులు.

తరువాతి జీవితం

1903లో పోర్షే అలోయిసియా కేస్‌ను వివాహమాడాడు. వీరికి కుమార్తె లూయీజ్, కుమారుడు ఫెర్రీ. 1906లో ఆస్ట్రో-డైమ్లర్ సంస్థలో సాంకేతిక నిర్దేశకుడయ్యాడు. మొదటి ప్రపంచయుద్ధంలో భారీ ఫిరంగులను లాగే బండ్ల వరుసను రూపొందించాడు. ముందున్న బండిలోని జనరేటరు నుండి తీగల ద్వారా వెనుక బండ్ల చక్రాల మోటార్లకు విద్యుత్తు అందేది. 1923లో స్టుట్‌గార్ట్‌లోని డైమ్లర్ సంస్థలో చేరాడు. 1931లో అదే నగరంలో సొంత సంస్థ స్థాపించాడు.

1934లో సామాన్యుల కారును రూపొందించే పని నాజీ ప్రభుత్వం ఈయనకు అప్పగించింది. ఆ కారే తరువాత బీటిల్‌గా పేరుపొంది, 2003 వరకు 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైంది. పోర్షే 1937లో నాజీ పార్టీలో చేరాడు. ఈయన సంస్థ స్థాపనలో భాగస్వామియైన యూదుడు అడాల్ఫ్ రోసెన్‌బర్గర్ 1935లో తన వాటాను వదులుకొని, అదే సంవత్సరం నిర్బంధానికి గురై, పిదప దేశం విడిచాడు. యుద్ధకాలంలో ఫోక్స్‌వాగన్ కర్మాగారంలో వేలాదిమంది ఖైదీలచేత, విదేశీయులచేత నిర్బంధంగా పని చేయించారు. పోర్షే ప్రతిభను స్మరించేవారు ఈ చరిత్రను విస్మరించరాదు.

యుద్ధ టాంకులలోనూ పోర్షే పెట్రోలు-విద్యుత్ పద్ధతినే ప్రయోగించాడు. అది బరువైనది, తరచూ చెడిపోయేది, రాగి కూడా అధికంగా కావలసి వచ్చేది. 1942లో సైన్యం పోటీదారైన హెన్షెల్ నమూనానే ఎంచుకుంది.

1945 డిసెంబరులో ఫ్రెంచి అధికారులు పోర్షేను నిర్బంధించారు. 1947 ఆగస్టులో విడుదలయ్యాడు. 1948లో కుమారుడు ఫెర్రీ ఆధ్వర్యంలో పోర్షే పేరుతో తొలి కారు వెలువడింది. ఫెర్డినాండ్ పోర్షే 1951 జనవరి 30న స్టుట్‌గార్ట్‌లో మరణించాడు.

ఆలోచన కొనసాగింపు

1971లో అపోలో 15 యాత్రలో చంద్రునిపై నడిచిన బండికి నాలుగు చక్రాలలోనూ ఒక్కొక్క చిన్న మోటారు ఉంది. ఒక్కొక్కదాని శక్తి పావు అశ్వశక్తి మాత్రమే. వేగంగా తిరిగే తేలికపాటి మోటారుకు, వేగాన్ని 80 వంతులు తగ్గించే గేరును జోడించి బరువు సమస్యను పరిష్కరించారు. చక్రాలు గాలి టైర్లకు బదులు తీగల అల్లికతో చేసినవి.

హైదరాబాదు నగరంలో ఈ సూత్రాలను నిత్యజీవితంలోనే గమనించవచ్చు. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌ల మీదుగా అమీర్‌పేట వరకు మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. ఎల్బీనగర్, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నందున రైలు తరచూ ఆగి బయలుదేరుతుంది. బ్రేకు వేసినప్పుడు మోటార్లే జనరేటర్లుగా మారి, గతిశక్తిలో కొంత భాగాన్ని తిరిగి విద్యుత్తుగా మారుస్తాయి. ఉక్కు పట్టాలపై ఉక్కు చక్రాల దొర్లుడు ఘర్షణ, రోడ్డుపై రబ్బరు టైర్ల ఘర్షణ కంటే చాలా తక్కువ. కింద రద్దీ రోడ్డుపై పదేపదే ఆగే విద్యుత్ వాహనానికి మాత్రం చక్రాల బరువు, టైర్లలోని గాలి, గేర్లలో నష్టం, బ్రేకుతో తిరిగి పొందే శక్తి కలిసి ప్రయాణ దూరాన్ని నిర్ణయిస్తాయి. హైదరాబాదుకు చెందిన ఒలెక్ట్రా సంస్థ చైనాలోని బీవైడీ సహకారంతో తయారుచేసిన విద్యుత్ బస్సులను ఆర్టీసీ 2019లో విమానాశ్రయ మార్గాలలో ప్రవేశపెట్టింది. చక్రాల చెంతనే మోటార్లను అమర్చే పద్ధతి బీవైడీ బస్సులలో కనిపిస్తుంది.