రహీమ్ సాహెబు

కాలిబంతి ఆట చూడబోయినవారి కన్నులు బంతి నడుపువాని కాళ్లమీదనే నిలిచియుండును. వాడు ఒకనిని తప్పించి, ఇంకొకనిని ఏమరించి ముందునకు దూసికొనిపోవుచుండగా జనులు కేకలు వేయుదురు. కాని బంతి కంటె వేగముగ పరుగెత్తగల మనుష్యుడు లేడు. ఇద్దరు ముగ్గురిని తప్పించుటకు పట్టు కాలములో బంతిని ఒక్క తన్నుతో తోటివాని కందించినచో అది ఎంతో దూరము సాగిపోవును. ఈ చిన్న సత్యమును గట్టిగ పట్టుకొని, మన దేశపు ఆటగాండ్ర కాళ్లకు దానిని అలవాటు చేసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆటగాండ్రు ఆయనను రహీమ్ సాహెబు అని పిలుచుచుండిరి.

ఆయన 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొను దినములలో ఆ జట్టున ఆడి పేరు గడించెను. పట్టము పొందిన పిమ్మట బడిపంతులాయెను. నగరమునందలి పెక్కు పాఠశాలలలో పాఠములు చెప్పెను. తరువాత వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పిల్లల ఆటల బాధ్యతను వహించెను. తిరుపతిలోనో చిత్తూరులోనో మీ బడి మైదానమున, మెడలో ఈలతో ఎండలో నిలుచు వ్యాయామోపాధ్యాయుని ఒకసారి తలచుకొనుడు. రహీమ్ జీవితము మొదలైనది అట్టి స్థానముననే.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యయ్యెను. మరణపర్యంతము ఆ పదవి యందే యుండెను. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చినది. ఆ దినములలో కాలిబంతి యనగా కలకత్తాయే యని లోకము తలచుచుండెను. అట్టి కాలమున హైదరాబాదు పోలీసులు 1950 మొదలు 1954 వరకు వరుసగ ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచిరి. డ్యూరాండు కప్పును గూడ 1950లో తెచ్చిరి.

ఇది యెట్లు సాధ్యమాయెను? రహీమ్ బోధన యందే దాని రహస్యము కలదు. బంతిని తనయొద్దనే ఉంచుకొని నడుపుట నిషేధించి ఆయన పోటీలు పెట్టుచుండెను. ఆ పోటీలలో బంతి వచ్చిన వెంటనే మరియొకనికి అందింపవలసినదే. కావున బంతి రాకపూర్వమే ఆటగాడు తలయెత్తి, తనవారెచట నున్నారో చూచుకొనవలసి వచ్చును. ఇంకొక తరహా పోటీలో ఎవడును తన వాటపు కాలితో బంతిని తాకరాదు. కుడికాలి వాడు ఎడమకాలితోనే ఆడవలెను. మొదట బంతి ఎటో పోవుటయు, చూచువారు నవ్వుటయు సహజమే గదా! కాని కొన్ని నెలలకు ఆ ఆటగానికి రెండు కాళ్లును ఒకటేయగును. ఎదిరి జట్టువాడు ఏ వైపు కాచుకొనవలెనో తెలియక తికమక పడును. వట్టి మాటలతో చెప్పిన పాఠము కంటె, తప్పించుకొనుటకు వీలులేని నియమము బాగుగ నేర్పునని ఈ బడిపంతులు ఎరుగును.

బీదపిల్లలను వెదకి తెచ్చుటలో గూడ ఆయనకు శ్రద్ధ మెండు. సికిందరాబాదు చెంత అమ్ముగూడ వాసియైన తులసీదాస్ బలరామ్ ఆటలో దిట్ట. కాని అభ్యాసమునకు హైదరాబాదు వచ్చుటకు చేత డబ్బు లేదు. సైకిలు బాడుగకై రహీమ్ అతనికి దినమునకు ఒక రూపాయి ఇచ్చెనట. ఆ రూపాయి వ్యర్థము కాలేదు.

భారత జట్టును గూడ ఆయనయే తీర్చిదిద్దెను. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరానును 1-0తో ఓడించి మనవారు స్వర్ణ పతకము పొందిరి. మరుసటి యేట హెల్సింకి ఒలింపిక్సులో మాత్రము ఘోర పరాభవము కలిగెను. మనవారిలో పలువురు బూట్లు లేక వట్టికాళ్లతోనే ఆడిరి. యుగోస్లావియా 10-1తో ఓడించెను. ఆ తరువాతనే బూట్లు ధరించుట మన దేశమున తప్పనిసరి యాయెను.

నాలుగేండ్లకు, 1956లో, మెల్‌బోర్నున కథ మారెను. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేయగా ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారతము ఒలింపిక్ సెమీఫైనలు చేరెను. ఆసియా ఖండమున అంతకుముందు ఏ దేశమును అచటి వరకు పోయియుండలేదు. అచట మరల యుగోస్లావియాయే ఎదురాయెను. మనవారే మొదట గోలు చేసిరి గాని, తుదకు 4-1తో ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. 1960లో రోము నగరమున హంగేరీ, పెరూ జట్లతో ఓడినను, ఫ్రాన్సుతో 1-1గ సమముగ ముగించిరి.

ఇక 1962. జకార్తాలో ఆసియా క్రీడలు. అప్పటికే రహీమ్ ఊపిరితిత్తులను క్యాన్సరు వ్యాధి తినివేయుచుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించెను. తరువాత థాయిలాండుపై గెలిచిన ఆటలో రక్షకుడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. గాయపడినవానిని మరల వెనుక నిలుపుటకు వీలుకాలేదు. అట్లని రహీమ్ అతనిని కూర్చుండబెట్టనులేదు. ముందుకు పంపి, గోళ్లు చేయుమనెను! దక్షిణ వియత్నాముతో జరిగిన సెమీఫైనలులో జర్నైలు నిజముగనే గోలు చేసెను. మనము 3-2తో గెలిచితిమి.

సెప్టెంబరు 4న తుదిపోటీ. ఎదిరిపక్షము మరల దక్షిణ కొరియాయే. ఇస్రాయేలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయనందుకు ఒక భారతీయ క్రీడాధికారి అభ్యంతరము తెలుపగా, జకార్తా ప్రజలు మనవారిపై మండిపడుచుండిరి. సుమారు లక్షమంది కూడిన ఆ మైదానమున మన జట్టు కాలిడగానే ఈసడింపులే వినవచ్చెను. గోలు కాపరి పీటర్ తంగరాజు జ్వరము నుండి లేచి వచ్చెను. తనకు బహుమానముగ బంగారు పతకము కావలెనని రహీమ్ తన కుర్రవారిని ముందుగనే అడిగియుండెను. పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీ గోలు చేసెను. మూడు నిమిషములకే జర్నైలు రెండవది చేసెను. ఐదు నిమిషముల ఆట మిగిలియుండగా కొరియా ఒకటి తిరుగగొట్టినది గాని, 2-1తో పతకము మనదాయెను. సైకిలు బాడుగ రూపాయి పుచ్చుకొన్న బలరామును ఆ జట్టులో నుండెను.

అదియే రహీమ్ సాహెబు నడిపిన కడపటి పెద్ద పోటీ. 1963 జూను 11న ఆయన కన్నుమూసెను. వయస్సు ఏబదిమూడేండ్లు. 1970లో బాంకాకున మన జట్టుకు కాంస్యము లభించెను. స్వర్ణము మాత్రము 2023 క్రీడల వరకును మరల రాలేదు.