కౌబాయ్‌కి తెలుగు నేర్పిన ఆరుద్ర

కౌబాయ్ సినిమా అనగానే మనకు గుర్తొచ్చేది హీరో కృష్ణ, ఆయన గుర్రం, టోపీ, తుపాకీ. మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు పెద్దవాళ్ళని అడిగితే ‘మోసగాళ్ళకు మోసగాడు’ పేరు ఠక్కున చెప్తారు. ఆ కథ, మాటలు ఎవరు రాశారంటే మాత్రం తడుముకుంటారు. రాసింది ఆరుద్ర! పన్నెండు సంపుటాల్లో తెలుగు సాహిత్య చరిత్ర రాసిన పండితుడే ఈ తుపాకుల కథ కూడా రాశారంటే ఆశ్చర్యంగా లేదూ?

ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకరశాస్త్రి. 1925 ఆగస్టు 31న విశాఖ జిల్లా యలమంచిలిలో పుట్టారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో చదువు వదిలేసి వైమానిక దళంలో బ్యాండు వాయించే ఉద్యోగంలో చేరారు. తర్వాత మద్రాసు వెళ్ళి పత్రికలో పనిచేశారు. రజాకార్ల కాలంలో తెలంగాణ పడ్డ బాధ వింటుంటే ఆయన మనసు ఊరుకోలేదు. ‘త్వమేవాహం’ (1949) కావ్యం అందులోంచే పుట్టింది. మన అమ్మమ్మలు, నాయనమ్మలు కన్నీళ్ళతో చెప్పిన రోజులే అవి. ఎక్కడో విశాఖ వైపు మనిషి మన దుఃఖాన్ని తనదనుకున్నారు.

1954లో రచయిత్రి కె. రామలక్ష్మిని పెళ్ళి చేసుకున్నారు. ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో పనిచేసిన ఆవిడ భర్త పేరు చాటున ఉండిపోలేదు. కథలు, నవలలు, విమర్శలు తన పేరుతోనే రాశారు. ఒకే ఇంట్లో రెండు కలాలన్నమాట! ఆరుద్ర సినిమాలకు పాటలు, మాటలు రాస్తూనే ఉన్నారు. సినిమాయే కదా అని చేతికొచ్చినట్టు మాత్రం రాయలేదు. కృష్ణ, విజయనిర్మల మొదటిసారి కలిసి నటించిన ‘సాక్షి’ (1967)లో పెళ్ళి పాట, ‘ముత్యాలముగ్గు’ (1975)లో పసుపు కుంకుమల పాట ఆయనవే.

ఇంకోపక్క 1965 నుంచి 1968 దాకా ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు వచ్చాయి. సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రి గుళ్ళు చూసొచ్చి, ఆ కాకతీయుల కాలంలో మనవాళ్ళు ఏం రాశారో తెలుసుకోవాలంటే అందులో ఒక సంపుటి ఉంది. కంపెనీ యుగానికి ఒకటి, జమీందారీ యుగానికి ఒకటి ఉన్నాయి.

ఆ చదువే సినిమాకి అక్కరకొచ్చింది. కృష్ణ సొంత సంస్థ పద్మాలయా తీసిన మొదటి సినిమా ‘అగ్నిపరీక్ష’ (1970) ఆడలేదు. రెండోదీ పోతే ఎలా? అప్పట్లో ‘మెకన్నాస్ గోల్డ్’, క్లింట్ ఈస్ట్‌వుడ్ సినిమాలంటే జనానికి మోజు. అలాంటిది తెలుగులో తీద్దామనుకున్నారు. కానీ తెలుగు నేల మీద కౌబాయ్ ఎక్కణ్ణుంచి వస్తాడు? ఆరుద్ర కథని ఇంగ్లీషువాళ్ళు మన సంస్థానాలను మింగేస్తున్న కాలంలో పెట్టేశారు. వాళ్ళకు లొంగని అమరవీడు సంస్థానం, దాచిపెట్టిన నిధి, దాని కోసం వేట. కంపెనీ యుగం చరిత్ర రాసిన చెయ్యికి ఆ కాలం కొట్టినపిండే కదా! నాగభూషణం పాత్రకు నక్కజిత్తుల నాగన్న అని పేరు పెట్టారు. వంటకం పరాయివాళ్ళదైనా పోపు మనదే.

కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో రాజస్థాన్ ఎడారిదాకా వెళ్ళి తీసిన ఆ సినిమా 1971 ఆగస్టు 27న విడుదలైంది, బ్రహ్మాండంగా ఆడింది. ఇంగ్లీషులోకి డబ్బింగై విదేశాలకూ వెళ్ళింది. పద్మాలయా నిలబడింది.

‘గురజాడ గురుపీఠం’కి 1987లో ఆరుద్రకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1998 జూన్ 4న ఆయన కన్నుమూశారు. రామలక్ష్మిగారు 2023 మార్చిలో వెళ్ళిపోయారు. అదే ఏడు మే 31న, కృష్ణ పుట్టినరోజుకి, ఆ సినిమా మళ్ళీ థియేటర్లకొచ్చింది.

ఈసారి టీవీలో వస్తే పిల్లలకు గుర్రాన్నే కాదు, టైటిల్స్‌లో ఆరుద్ర పేరు కూడా చూపించండి. ఏ పని చేసినా మనసు పెట్టి చేయాలని చెప్పడానికి అంతకన్నా మంచి పేరు దొరకదు.