చేతులతో నేర్పిన మారియా మాంటిస్సోరి

1939 నవంబరులో, ఐరోపాలో యుద్ధం మొదలైన రెండు నెలలకు, అరవై తొమ్మిదేళ్ల ఇటలీ వైద్యురాలు మారియా మాంటిస్సోరి మద్రాసు చేరుకున్నారు. అడయారులోని దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మూడు నెలల ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చి తిరిగి వెళ్లాలన్నది ఆమె సంకల్పం. యుద్ధం కారణంగా 1946 దాకా ఆమె ఈ దేశంలోనే ఉండిపోయారు.

ఆమె 1870 ఆగస్టు 31న కియారవల్లెలో జన్మించారు. ఇంజనీరు కావాలన్న కోరికతో, మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరారు. ఆ తర్వాత వైద్యం వైపు మళ్లి, 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పొందారు.

బుద్ధి ఎదగలేదని సమాజం పక్కనపెట్టిన పిల్లల మధ్య ఆమె తొలి పరిశీలనలు సాగాయి. ఆ పిల్లలు మాటల కంటే చేతి పనితోనే త్వరగా నేర్చుకుంటున్నారని ఆమె గుర్తించారు. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని పేదల వాడ శాన్ లోరెంజోలో తొలి బాలల గృహం ప్రారంభమైంది. అక్కడి పరికరాల్లో ఒకటి చెక్క దిమ్మె. అందులో పది గుంటలు, వాటిలో సరిగ్గా ఇమిడే పది స్థూపాలు ఉంటాయి. సన్నని స్థూపాన్ని వెడల్పు గుంటలో పెట్టిన పిల్లవాడికి చివరకు ఎక్కడా పట్టని స్థూపం ఒకటి మిగులుతుంది. గురువు తప్పు పట్టనక్కరలేదు, పొరపాటు ఎక్కడ జరిగిందో వాడే వెదుక్కుంటాడు.

సరళ యంత్రాల పాఠానికీ ఈ పద్ధతి చక్కగా నప్పుతుంది. తులాదండం నిర్వచనాన్ని నల్లబల్లపై రాసి వల్లె వేయించవచ్చు. లేదా ఒక పెన్సిలుపై స్కేలును సమంగా నిలిపి, మధ్య నుంచి 12 సెంటీమీటర్ల దూరంలో ఒక రూపాయి నాణెం ఉంచి, అలాంటివే మరో రెండు నాణేలు పిల్లవాడి చేతికి ఇవ్వవచ్చు. వాడు వాటిని రెండో వైపు అటూ ఇటూ జరిపి, 6 సెంటీమీటర్ల దగ్గర స్కేలు సమంగా నిలవడం చూస్తాడు. తాతల నాటి ఏతం, నేటి కత్తెర ఎలా పనిచేస్తాయో ఆపైన చెప్పడం తేలిక.

అడయారు తరగతులకు మూడు వందల మందికి పైగా హాజరయ్యారు. ఆమె ఇటాలియన్ భాషలో మాట్లాడితే కుమారుడు మారియో ఆంగ్లంలోకి అనువదించేవారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో తల్లీకొడుకులు శత్రుదేశ పౌరులయ్యారు. మారియోను అహ్మద్‌నగర్ నిర్బంధ శిబిరానికి తరలించారు. ఆమెను అడయారు ఆవరణ దాటనివ్వలేదు. ముస్సోలినీ పాలనతో పొసగక స్వదేశాన్ని విడిచిన మనిషిని ఆ దేశస్థురాలన్న కారణంతోనే కట్టడి చేయడం విడ్డూరమే. ఆమె డెబ్బయ్యో పుట్టినరోజున వైస్రాయి మారియోను విడుదల చేయించారు.

1942 నుంచి 1944 వరకు కొడైకెనాల్‌లో గడిపిన కాలం ఆమె కృషిలో కొత్త దశ. ఆరేళ్లు దాటిన పిల్లలకు ప్రకృతినీ మానవ చరిత్రనూ ఒకే కథగా పరిచయం చేసే విధానం అక్కడే రూపుదిద్దుకుంది. భారతదేశంలో ఆమె వద్ద శిక్షణ పొందినవారు వెయ్యికి పైమాటే.

ఆమె 1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నూర్డ్‌వైక్‌లో కన్నుమూశారు. 1955లో విజయవాడలో వి. కోటేశ్వరమ్మ మాంటిస్సోరి పేరిట పాఠశాల నెలకొల్పారు. నేడు ఆ పేరు మన పట్టణాల్లో వీధి వీధినా కనిపిస్తుంది. అయితే ఆ బళ్లన్నింటిలో చెక్క స్థూపాలు ఉంటాయని చెప్పలేం.