ప్రయోగశాల నుంచి ఫ్యాక్టరీకి – ఎ.ఎస్. రావు గారు

2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారు. అందులో ఎక్కువమంది గిట్టుబాటు ధర కోసం నామినేషన్ వేసిన రైతులే. మన పాత కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల ఓటర్లు కూడా ఆ స్థానం కిందికే వస్తారు. ఒక్కో పోలింగు కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టారు. పాతరకం యంత్రానికి నాలుగే తగిలించగలం, కొత్తదానికి 24 దాకా తగిలించవచ్చు. వాటిని తయారుచేసింది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. దానికి పునాది వేసినాయన గురించి మన విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో, ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత అమెరికా వెళ్ళి స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివారు. అక్కడే ఉండిపోలేదు, తిరిగొచ్చి బొంబాయిలో హోమీ భాభా దగ్గర చేరారు. 1956లో నడక మొదలుపెట్టిన అప్సర రియాక్టరుకు కంట్రోలు పరికరాలు ఆయన బృందమే తయారుచేసింది.

ల్యాబులో ఒక్క పరికరం చేయడం వేరు, అదే రకం వెయ్యి చేయడం వేరు. ఆ వెయ్యి కోసమే 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. పుట్టింది. రావు గారు దాని మొదటి మేనేజింగ్ డైరెక్టరు. 1969లో టి.డి.సి.-12 కంప్యూటరు వచ్చింది.

ఉత్పాదకత అంటే అదే మనిషి గంటలో ఎక్కువ పని చేయడమేనని మనవాళ్ళు అనుకుంటారు. ఎలక్ట్రానిక్సులో అది చాలదండీ. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు, అవీ పోయి చిప్పులు వచ్చాయి. ఎన్నో ముక్కలు అతికే చోట ఒక్క చిప్పు సరిపోతుంది. అతకడమొక్కటే వచ్చినవాడి పని అంతటితో సరి. డిజైను తెలిసినవాడు కొత్తదానికి మళ్ళుతాడు. అందుకే డిజైను, తయారీ ఒకే కప్పు కింద ఉండాలి. ఆయన జీవితంలో నాకు కనిపించిన సారం ఇదే.

ఒకప్పుడు ఇళ్ళల్లో పేరున్న ఇ.సి. టి.వి. పోటీకి నిలవలేదు, ఇవాళ దుకాణాల్లో దొరకదు. వస్తువు పోయినా నేర్చిన విద్య పోలేదు, ఓటింగు యంత్రమే సాక్ష్యం.

1972లో పద్మభూషణ్ అందుకున్న రావు గారు 2003లో కన్నుమూశారు. కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి ఉద్యోగానికి పోయే మన పిల్లల్లో ఎంతోమంది ఎ.ఎస్. రావు నగర్‌లో బస్సు దిగుతారు. ఆ పేరు ఎవరిదో తెలిస్తే, చేరిన చోట బిగించే పనితో ఆగక, సర్క్యూటు ఎట్లా నడుస్తుందో కూడా అడుగుతారని నా ఆశ.