అరణ్యంలో ప్రయోగశాల

ప్రకృతి సౌందర్యాన్ని వర్ణించిన మహనీయులు ఎందరో ఉన్నారు. కాని ప్రకృతి ఉన్నచోటికే పరికరాలతో వెళ్ళి, దానికి కలిగిన హానిని కొలిచి చూపినవారు అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడు అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్.

హంబోల్ట్ 1769 సెప్టెంబరు 14న బెర్లిన్ నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. పదేళ్ళు నిండకముందే తండ్రిని కోల్పోయాడు. యౌవనంలో ప్రష్యా ప్రభుత్వ గనుల శాఖలో పనిచేస్తూ, కార్మికుల ప్రాణరక్షణకై సురక్షిత దీపాన్ని, శ్వాససాధనాన్ని రూపొందించాడు. సొంత ధనంతో వారికొక పాఠశాలను నెలకొల్పాడు. 1796లో తల్లి మరణానంతరం తనకు సంక్రమించిన ఆస్తిని భోగాలకు గాక శాస్త్రపరిశోధనకే వినియోగించాలని సంకల్పించాడు.

1799 జూన్‌లో వృక్షశాస్త్రజ్ఞుడైన బాన్‌ప్లాన్‌తో కలసి స్పెయిన్ నుండి దక్షిణ అమెరికాకు పయనమయ్యాడు. నలభైకి పైగా పరికరాలను పెట్టెలలో భద్రపరచి వెంట తీసుకుపోయాడు. వాటిలో భారమితి, ఉష్ణమాపకం, ఆకాశపు నీలిమను కొలిచే సాధనం, నస్యపు డబ్బీలో ఇమిడేటంత చిన్న సెక్స్టెంట్ మొదలైనవి ఉండేవి. భారమితి గాజుగొట్టం పగలకుండా ఒక మనిషి దానిని జాగ్రత్తగా మోస్తూ నడిచేవాడు.

1800లో వారు వెనెజులాలోని వాలెన్సియా సరస్సును చేరారు. సరస్సు నీరు నానాటికీ తరిగిపోవడం చూసి అక్కడి ప్రజలు దిగులుపడుతున్నారు. భూగర్భ మార్గం గుండా నీరు పోతున్నదని వారి నమ్మకం. హంబోల్ట్ ఊహలతో తృప్తిచెందక కొలతలు తీశాడు. కొండలపై అడవులను నరకడం, ఏటి నీటిని తోటలకు మళ్ళించడం ఇందుకు కారణాలని తేల్చాడు. చెట్లు లేని వాలుల మీది మట్టిని వానలు కోసుకుపోతున్నాయని గ్రహించాడు. దోషం భూగర్భంలో లేదు, మానవుని చేతలలోనే ఉంది.

1802 జూన్ 23న, నాడు లోకంలోకెల్లా ఎత్తైనదని భావించిన చింబొరాజో పర్వతాన్ని ఆయన అధిరోహించాడు. ఊపిరి అందకపోయినా, పాదాలు గాయపడినా కొలవడం మానలేదు. తన లెక్క ప్రకారం 5,800 మీటర్లు దాటిన పిదప, లోతైన అగాధం అడ్డురాగా వెనుదిరిగాడు. ఎత్తును బట్టి వృక్షజాతులు మారే తీరును 1807లో గ్రంథరూపంలో ప్రకటించాడు. ఆస్తి యావత్తూ యాత్రలకు, గ్రంథ ప్రచురణకు ఖర్చయింది. 1859 మే 6న, 89వ ఏట బెర్లిన్‌లో కన్నుమూశాడు.

ఆయన కొలతలు మాత్రం మరణించలేదు. మన శతాబ్దంలో శాస్త్రవేత్తలు ఆ పర్వతాలను మళ్ళీ పరిశీలించి, ఆయన నమోదులతో పోల్చారు. భూతాపం పెరగడంతో మొక్కలు పైయెత్తులకు జరిగినట్లు గుర్తించారు. చింబొరాజో ఉన్న ఈక్వడార్ దేశపు అడవులలోనే, అరచేతిలో ఇమిడే జన్యు పరీక్షా యంత్రంతో కప్పల, పాముల జాతులను అక్కడికక్కడే గుర్తించిన పరిశోధన 2018లో వెలువడింది. నాటి పెట్టెలు నేడు అరచేతిలోకి కుదించుకుపోయాయి. కాని పరికరం ఎంత చిన్నదైనా, దానిని పట్టుకొని అడవికి నడిచే మనిషి కావాలి. ఆ బాధ్యత నేటి యువతరానిది.